నోటికాడి నీళ్లు

సిపిలస్ కొండ నేటి తుర్కియేలో, మనీసా పట్టణం పక్కన ఉంది. ఒకప్పుడు ఆ సీమను ఏలిన రాజు టాంటలస్. గ్రీకుల దేవరాజు జ్యూస్‌కు కొడుకు. సిరిసంపదలకు కొదవ లేదు. అంతకన్నా మించి, దేవతల పంక్తిలో కూర్చుని వాళ్లతో పాటు భోంచేసే భాగ్యం మనుషుల్లో అతనికి దక్కింది. అంతటివాడు ఎలా పడిపోయాడు?

ఒక్కో కవి ఒక్కోలా చెప్పాడు. దేవతల అమృతాన్ని దొంగిలించి తన తోటివాళ్లకు పంచాడని పిండార్ మాట. జనంలో పాకిన కథ ఇంకా ఘోరమైంది. దేవతలను పరీక్షించాలని కన్నకొడుకు పెలాప్స్‌నే కోసి, వండి వడ్డించాడట. హరవిలాసంలో చిరుతొండనంబి కథ చదివిన మనకు ఇక్కడ ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ ఆ పని చేయించింది భక్తి, ఇక్కడ అహంకారం. దేవతలు చేతులు వెనక్కి తీసుకున్నారు. కూతురు దూరమైన బాధలో ఉన్న డిమీటర్ దేవత మాత్రం ఏం తింటున్నదీ తెలియక భుజం ముక్క తినేసింది. పిల్లవాణ్ని మళ్లీ బతికించాక, ఆ భుజాన్ని ఏనుగు దంతంతో అతకాల్సి వచ్చింది. ఇది ఓర్వలేని ఇరుగుపొరుగు కట్టిన కథ అని పిండార్ కొట్టిపారేశాడు. నాకూ ఆయన్నే నమ్మాలనిపిస్తుంది.

నేరం ఏమిటో చెప్పకుండానే శిక్షను కళ్లకు కట్టినవాడు హోమర్. ఒడిస్సీ 11వ సర్గలో ఆ ముసలివాడు పాతాళంలో, నీళ్ల మధ్య నిలబడి ఉంటాడు. నీళ్లు గడ్డానికి తగులుతుంటాయి. దాహంతో వంగితే చాలు, నీళ్లన్నీ ఇంకిపోయి కాళ్ల దగ్గర నల్లటి నేల తేలుతుంది. తల మీద దానిమ్మ, అత్తి, ఆలివ్ కొమ్మలు వేలాడుతుంటాయి. చెయ్యి చాస్తే గాలి వాటిని మబ్బుల్లోకి ఎగరగొడుతుంది. చావు కూడా లేదు, మళ్లీ వంగాలి.

16వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చిన ‘టాంటలైజ్’ అనే మాట ఇతని పేరు నుంచి పుట్టిందే. ఊరించి, అందకుండా చేసి వేధించడమని దాని అర్థం. ఇప్పుడు నోరూరించే వంటకాల ప్రకటనల్లోనూ ఆ మాటే వాడుతున్నారు. ఆ రాజు ఆకలి తెలిశాక ఆ వాడకానికి మనసొప్పదు.

తండ్రి పొగరు కూతురు నియోబికీ వచ్చింది. తనకు పన్నెండుమంది బిడ్డలని, ఇద్దరినే కన్న లెటో దేవత తనతో సాటిరాదని అంది. లెటో కొడుకు అపోలో నియోబి కొడుకులను, కూతురు ఆర్టెమిస్ ఆమె కూతుళ్లను బాణాలతో కొట్టి చంపేశారు. తొమ్మిది రోజులు ఆ శవాలు పూడ్చే దిక్కులేక నెత్తుటిలో పడి ఉన్నాయి. పదో రోజు దేవతలే పూడ్చిపెట్టారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆ తల్లి అప్పుడు అన్నం ముట్టింది. హోమర్ ఇలియడ్ చివరి సర్గలో ఈ మాట చెప్పేది గ్రీకు వీరుడు అకిలీస్. కొడుకు శవం కోసం తన గుడారానికి వచ్చిన ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ చేత నాలుగు ముద్దలు తినిపించడానికి చెబుతాడు. తండ్రికి ఎన్నటికీ అందని తిండి, సర్వం పోయిన కూతురికి అందింది. ఈ కథలో నన్ను కలచివేసేది ఇదే. తర్వాత ఆమె సిపిలస్ మీద కన్నీరు కార్చే రాయి అయిపోయిందంటారు.

1802లో స్వీడన్ శాస్త్రవేత్త ఎకెబెర్గ్ ఒక కొత్త మూలకాన్ని కనుక్కున్నాడు. దాని ఆక్సైడ్‌ను ఆమ్లంలో ముంచినా అది ఆ ఆమ్లాన్ని గ్రహించలేదు. నీళ్లలో నిలబడి దాహంతో అలమటించే రాజును తలచుకుని దానికి టాంటలం అని పేరు పెట్టాడు. 1844లో జర్మనీకి చెందిన హైన్రిష్ రోజ్, దాని వెన్నంటే దొరికే మరో లోహానికి నియోబియం అని పేరు పెట్టాడు. ఆ రెండూ భూమిలో దాదాపు ఎప్పుడూ ఒకే ఖనిజంలో కలిసి ఉంటాయి. వాటిని వేరుచేయడం నేటికీ కష్టమైన పనే.