నీళ్ళతో బండి నడుస్తుందా?

పాత డీజిల్ కారు బానెట్ కింద ఓ సీసా. అందులో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు, స్టీలు పలకలు, బ్యాటరీ నుంచి రెండు వైర్లు. వచ్చే హైడ్రోజన్‌ని ఇంజన్‌లోకి వదిలితే మైలేజీ పెరుగుతుందట! 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లు దాటినప్పుడు ఈ మెయిల్ నాకు ఎంతమంది ఫార్వర్డ్ చేశారో లెక్కే లేదు.

ఇదేమీ కొత్త ముచ్చట కాదు. నీళ్ళని కరెంటుతో విడగొట్టడం 1800లోనే నికల్సన్, కార్లైల్ చేసి చూపించారు. 1807లో ఐజాక్ ద రివాజ్ హైడ్రోజన్ ఇంజన్‌కి పేటెంటు కూడా తీసుకున్నాడు. కాకపోతే ఆయన గ్యాసుని ముందే నింపి పెట్టుకున్నాడు, నడుస్తున్న ఇంజన్‌తోనే తయారు చేయించలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. 12 వోల్టులు, 20 ఆంపియర్లు అంటే 240 వాట్లు. అది ఇచ్చేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది ఇంజన్, ఇంజన్ తాగేది డీజిలే. ఇంజన్ 30, ఆల్టర్నేటర్ 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకున్నా, ఆ 240 వాట్ల కోసం 1,300 వాట్లకి పైగా డీజిల్ తగలెయ్యాలి. హైడ్రోజన్‌గా తిరిగొచ్చేది ఆ 240 కన్నా తక్కువే.

అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్ళతో కారు నడుపుతానని పెట్టుబడులు పోగేశాడు. 1996లో ఒహాయో కోర్టు అది పచ్చి మోసమని తేల్చి, ఇద్దరికి 25,000 డాలర్లు వెనక్కిమ్మంది.

ప్రయోగాలు చేసేవాళ్ళని నేను వెక్కిరించను. కానీ ఆ సీసాలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే పోగవుతాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, కళ్ళు పోతే?

కిట్ అమ్మేవాణ్ణి అడగాల్సింది ఒక్కటే: ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది బాబూ?