గాజుతొట్టెలోని సముద్రము

మా పాకాల కొండలనడుమ నున్నది, సముద్రమునకు దూరము. అయినను సముద్రపు ఏంజెల్‌చేపను ఇంటి తొట్టెలో బెంచఁగోరువారు నేఁడు పల్లెలందును గలరు. ఈ కోరిక చరిత్రను గొంత మనవి చేసెదను.

ఈ చేపలలో నొకజాతి మన తీరమునందే కలదు. గోధుమవన్నె దేహము, వంగిన నీలిచారలు, మూపున నొక నీలివలయము. ఆ వలయమునుబట్టియే జర్మను పండితుఁడు బ్లాఖ్ 1787లో దానికి శాస్త్రనామ మిడెను. విశాఖపట్టణపు చేపలను బరిశీలించిన పాట్రిక్ రస్సెల్ దొర 1803లో లండనున రెండువందల చేపల గ్రంథమును వెలువరించి, మనవారు పలికెడి పేర్లనుగూడ నందుఁ జేర్చెను.

లండను జంతువనమున 1853లో మత్స్యశాల వెలసెను. చెన్నపట్టణపు తీరమున 1909లో నట్టిదే తెఱచిరి. అచ్చట సముద్రము గడపయొద్దనే యుండెను. యుద్ధభయమున 1942 ప్రాంతమున నది మూతపడెను.

మన యింట సముద్రమును మనమే కల్పింపవలెను. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము లుండును. వంటయుప్పు మాత్రము చాలదు. చేప విసర్జించు అమ్మోనియాను సూక్ష్మజీవులు మార్పనిచో నదియే దానికి విషమగును. ఆ జీవులు తొట్టెలో వృద్ధినొందుటకు వారములు పట్టును. అంగడిలోని పిల్లచేప వేలెడుండవచ్చును. పెరిగినపుడు అడుగు మించును. దానికి వందల లీటర్ల నీరు కావలెను.

కావున మీ మనుమలు అడిగినచో కాదనకుఁడు. ముందు నీటిని సిద్ధపఱచి, చేపను పిదపఁ దెండని చెప్పుఁడు.