ఊళ్ళోకి బాకా వచ్చింది

మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒక కబురు ఊరంతటికీ తెలియాలంటే ఒకప్పుడు డప్పే దిక్కు. చాటింపు వేసే మనిషి మూల మూలకీ ఆగి, డప్పు కొట్టి, గొంతెత్తి చెప్పి వెళ్ళేవాడు. వినపడనివాళ్ళు పక్కింటావిణ్ణి అడిగేవారు. పక్కింటావిడ తనకు తోచిన నాలుగు ముక్కలు కలిపి చెప్పేది, అది వేరే సంగతి!

తర్వాత బూర మైకు వచ్చింది. పెళ్ళింటి మీద, గుడి మీద, వేపకొమ్మకు కట్టిన బూర మీద, ఎన్నికల జీపు మీద, ఎక్కడ చూసినా అదే. కరెంటు లేని ఊళ్ళో బ్యాటరీతో నడిచేది. తెల్లారుజామున భక్తిపాట మొదలైతే, ఫలానా వాళ్ళింట్లో పెళ్ళని రెండు ఊళ్ళ అవతలికి కూడా తెలిసిపోయేది. ఢిల్లీలో 1940లో మొదలైన అహుజా కంపెనీ పేరు మైకుసెట్టు వాళ్ళ నోట ఇంటిపేరులా నలిగింది.

అసలీ బాకా ఎవరి బుర్రలో పుట్టిందంటారా? పీటర్ జెన్సెన్ అని డెన్మార్క్ ఆయన. అమెరికా వెళ్ళి ప్రిడమ్ అనే స్నేహితుడితో కలిసి కాలిఫోర్నియాలోని నాపా ఊళ్ళో తంటాలు పడి 1915లో గొంతును పెద్దది చేసే యంత్రం చూపించాడు. దానికి పెట్టిన పేరు మాగ్నవాక్స్. లాటిన్‌లో 'పెద్ద గొంతు' అని అర్థమట. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో వేలమంది ముందు దాంట్లోనే మాట్లాడాడు. అదే కాలంలో మన నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటేనే సర్కారు అనుమతి కావాలి. 'గస్తీ నిషాన్ 53' అనే హుకుం మన పెద్దలకు బాగా గుర్తు. నోరు తెరవడమే కష్టమైన చోట బాకా ఎందుకు చెప్పండి!

బూరతో తిప్పలేమిటంటే దాంట్లో మాట స్పష్టంగానే వస్తుంది కానీ, మద్దెల మోత రాదు. చిన్న బాకా సన్న స్వరాలనే బాగా పలికిస్తుంది. మోత కావాలంటే కాగితం గరాటు కావాలి. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు దాని లెక్క తేల్చారు. ఇప్పటికీ పద్ధతి అదే. అయస్కాంతం నడుమ సన్నతీగ చుట్ట, దానికి అంటించిన కాగితం. శనక్కాయల పొట్లం విప్పినట్టుంటుంది చూడ్డానికి. పాట కరెంటై వచ్చి చుట్టను ముందుకీ వెనక్కీ తోస్తే, కాగితం గాలిని తోస్తుంది. అంతే!

ఇక్కడే గిటార్ వచ్చింది. మనకెందుకంటారా? ఉందండీ సంబంధం. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో కరెంటు బేస్ గిటార్ తెచ్చాడు. మరుసటేడు దానికోసం 'బేస్‌మన్' అనే ఆంప్లిఫయర్ చేశాడు. అందులో ఒక పెద్ద స్పీకరు. తర్వాత నాలుగు పదంగుళాల జెన్సెన్ స్పీకర్లు. అవును, ఆ డెన్మార్క్ ఆయన 1927లో పెట్టిన కంపెనీవే! లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్ 1962లో దాన్ని చూసి సొంతంగా చేయించి, సెలెస్టియన్ వాళ్ళ స్పీకర్లు బిగించాడు. మైకు గరగరమంటే మనం మైకువాణ్ణి తిడతాం. వాళ్ళు ఆ గరగర కోసమే డబ్బు పోసి కొనుక్కున్నారు!

ఆ రోజుల్లో మంచి అయస్కాంతానికి కోబాల్ట్ కావాలి. 1978లో ఆఫ్రికాలోని జైరేలో గొడవలు చెలరేగి కోబాల్ట్ ధర ఆకాశానికెక్కింది. దాంతో స్పీకర్లు చేసేవాళ్ళు చాలామంది కుండల్లా కాల్చి చేసే చవక ఫెర్రైట్ అయస్కాంతానికి మారిపోయారు. బరువెక్కువైనా ధర తక్కువ. అట్లా పెద్ద కాగితాలున్న పెద్ద పెట్టెలు మన వీధి దాకా వచ్చాయి. ఇప్పటి డీజే పెట్టెలు ఆ బేస్ వంశంలోవే. బూర పాట కిటికీ వేస్తే కాస్త తగ్గేది. ఈ పెట్టెల మోత గోడల్లోంచి వచ్చి షెల్ఫులో స్టీలు గిన్నెలు కదిలిస్తుంది. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా వద్దని 2000లో చట్టపు నియమాలొచ్చాయి. 2005లో సుప్రీంకోర్టూ గట్టిగానే చెప్పింది. పండుగల పేరుతో ఏడాదికి కొన్ని రోజులు సడలింపు ఉంది లెండి.

నా బెంగ చెవుల గురించి కాదు, బతుకమ్మ గురించి. పాట ఒకామె ఎత్తుకునేది, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఎత్తుకున్నామె మరచిపోతే మరొకామె అందించేది. ఆడపడుచు మీద అలక ఉంటే అప్పటికప్పుడు ఒక చరణం అల్లి వినిపించేది కూడా! చప్పట్లే తాళం. పెట్టె ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ అడగదు. దానికి పాటలో పేర్లు మార్చడం రాదు.

పోయినేడు సద్దుల నాడు మా వాడలో నడి ఆటలో కరెంటు పోయింది. పెట్టె మూగబోయింది. పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. అరవై దాటిన ఒకామె మెల్లగా ఎత్తుకుంది. ఆమె వయసువాళ్ళు నలుగురు అందుకున్నారు. మా చిన్న కోడలు నా చెవిలో, "అత్తయ్యా, తర్వాత ఏముంటది?" అంది. నాకు తెలిసినంత చెప్పాను. కరెంటు వచ్చేలోపు ఆరు చరణాలయ్యాయి.