బీరువా మీది రౌటర్

రాత్రి పదకొండు దాటింది. అమీర్‌పేటలో మూడో అంతస్తు, నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్న గది. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, పరుపుల మధ్య చోటు చూసుకుని మీరూ కూర్చోండి. బీరువా మీది రౌటర్‌లో ఇప్పుడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడు 192.168.1.1 తెరిచి వైర్‌గార్డ్ వీపీఎన్ వివరాలు నింపుతున్నాడు. ప్రైవేట్ కీ: 44 అక్షరాల గజిబిజి, చివర ఈక్వల్ గుర్తు. తర్వాత సింగపూర్ సర్వర్ అడ్రసు, పోర్టు 51820.

"అప్లై కొట్టు మామా."

కొట్టాడు. తెర మీద హ్యాండ్‌షేక్ పడింది. మీ ఫోన్‌ని ఆ వైఫైకి కలిపి చూడండి. ఏ యాప్ వేయకుండానే మీ ఐపీ సింగపూర్‌ది అయిపోయింది. వీపీఎన్ యాప్ పెట్టుకునే వీలే లేని పాత టీవీ కూడా అదే దారిన వెళుతోంది. అయితే వేగం తగ్గింది. ప్రతి ప్యాకెట్‌కీ తాళం వేసే పని ఇప్పుడు ఆ చిన్న ప్రాసెసర్ మీదే పడింది.

"నా బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదురా!"

సింగపూర్ ఐపీని బ్యాంకు ఒప్పుకోలేదేమో. అందుకని రెండో వైఫై పేరు పెట్టాడు, అది నేరుగా బయటికి వెళ్తుంది. మొదటిదానికి ఫైర్‌వాల్‌లో మామూలు దారి మూసేశాడు. ఇప్పుడు వీపీఎన్ సొరంగాన్ని కావాలనే ఆపాడు. మీ ఫోన్‌లో నెట్ పూర్తిగా పోయింది. పోవాల్సిందే! వీపీఎన్ తెగినప్పుడు చడీచప్పుడు లేకుండా అసలు అడ్రసుతో బయటపడటం కన్నా ఇదే నయం.

"మరి మేం చూసే సైట్లు నీకు తెలుస్తాయా?" ఇందాకటి నుంచి పలకనివాడు అడిగాడు.

అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. సొరంగం ఇంటర్నెట్ కంపెనీ కళ్లకు మాత్రమే గంతలు కడుతుంది. ఏ ఫోన్ ఏ సైటు పేరు అడిగిందో రౌటర్ రాసిపెట్టగలదు. అవతలి కొసన వీపీఎన్ కంపెనీ ఉండనే ఉంది. కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశిస్తే, కొన్ని పెద్ద కంపెనీలు భారత్‌లోని సర్వర్లనే ఎత్తేశాయి. ఎవరిని నమ్ముతున్నామో తెలిసి నమ్మాలి.

వాడు ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. సైట్ల పేర్లు రాసిపెట్టే "లాగ్ క్వెరీస్" గడి ఖాళీగా ఉంది. "అడ్మిన్ పాస్‌వర్డ్ మీ ముగ్గురికీ ఇస్తా. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోండి." నాకు వాడి మీద గౌరవం పెరిగింది.

"ఎదురు ఫ్లాట్‌వాడు కూడా వైఫై అడిగాడు మామా."

"వద్దు. వీపీఎన్‌కి డబ్బులు వాటాలేసుకున్నాం గానీ, ఖాతా నా పేరు మీదే ఉంది. నెట్ కనెక్షనూ నాదే. వాడేం చేసినా ముందు నన్నే అడుగుతారు."