తిజూకా: కాఫీ కొండలపై తిరిగి లేచిన అడవి

బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరానికి వచ్చే యాత్రికులు కోరి వెళ్లే విహారాల్లో, పైకప్పు లేని జీపులో గైడు వెంట సాగే తిజూకా అడవి యాత్ర ఒకటి. సముద్రతీరపు హోటళ్ల దగ్గర బయలుదేరిన జీపు ఆల్టో ద బోవా విస్టా అనే కొండపేట మీదుగా అడవి ముఖద్వారం దాటగానే, దారికి ఇరువైపులా ఉన్న చెట్ల కొమ్మలు పైన కలుసుకుని ఎండను అడ్డగిస్తాయి. వేళ్లాడే తీగలు, కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్లు, బండల మీది నాచు చూసినవారికి అది మనిషి చేయి పడని ఆదిమారణ్యమనే అనిపిస్తుంది. అయితే 19వ శతాబ్దపు తొలి సగంలో ఈ కొండవాలుల్లో చాలా భాగం కాఫీ తోటల కింద ఉండేది. తర్వాత ఆ తోటలు కూడా సారం ఉడిగి బీళ్లయ్యాయి. జీపు యాత్రికుడు చూసేది తిరిగి నిలబెట్టిన అడవిని. దానిలో తొలి మొక్కలు నాటినవారు బానిసలు. ఈ రెండో విషయం తెలియకుండా తిజూకాను చూసిరావడం సగం చూసినట్టే.

ఈ కొండలు అట్లాంటిక్ అడవిలో భాగం. ఒకప్పుడు బ్రెజిల్ తూర్పు తీరం పొడవునా పది లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుని, నేడు అందులో ఎనిమిదో వంతు కూడా చెక్కుచెదరక మిగలని వర్షారణ్యానికి ఆ పేరు. సముద్రం మీదినుంచి వచ్చే తేమగాలి కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి వానగా కురుస్తుంది. అడవి నేలలోని ఆకుల పొర ఆ వానను ఇంకించుకుని ఊటల రూపంలో నెమ్మదిగా వదులుతుంది. రియో నగరం తొలినుంచీ ఈ ఊటల మీదే ఆధారపడింది. కరియోకా అనే సెలయేటి నీటిని ఊరిలోకి చేర్చడానికి కట్టి 1750లో పూర్తిచేసిన లాపా కమానుల కాలువ వంతెన నేటికీ నగరం నడిమధ్య నిలిచి ఉంది.

నీటి కొండలను కాఫీ కొండలుగా మార్చినది 19వ శతాబ్దపు మార్కెట్టు. 1808లో నెపోలియన్ సేనల నుంచి తప్పించుకుని పోర్చుగల్ రాజకుటుంబం రియోకు తరలిరావడంతో నగర జనాభా పెరిగింది, ఓడరేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది, చల్లని కొండగాలి కోరిన సంపన్నులు, ముఖ్యంగా ఫ్రెంచివారు, తిజూకా వాలుల్లో ఎస్టేట్లు కొన్నారు. 1816లో ఫ్రెంచి కళాకారుల బృందంతో వచ్చిన చిత్రకారుడు నికోలా ఆంత్వాన్ తోనే జలపాతం పక్కన ఇల్లు కట్టుకోగా, ఆయన కుటుంబం అక్కడ కాఫీ కూడా పండించింది. జీపులు మొదట ఆగే ఆ జలపాతాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నాటి కాఫీ సేద్యం అడవిని నరికి, తగులబెట్టి, బూడిద ఇచ్చిన సారంతో కొన్నేళ్లు దిగుబడి తీసి, నేల అలసిపోగానే మరో అడవి మీదికి వెళ్లే పద్ధతి. నరికినదీ, నాటినదీ, కోసినదీ ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులూ వారి సంతతీ. రెండు మూడు దశాబ్దాలకు వాలుల మీది పైమట్టి వానలకు కొట్టుకుపోవడం మొదలై, కాఫీ లోపలి పరైబా లోయకు తరలిపోయింది. కొండల మీద పొదలు, బీడు నేల, ఎండిన ఊటలు మిగిలాయి.

1840ల కరవు నగరాన్ని నీటికి కటకటలాడించాక ప్రభుత్వం మేలుకుంది. ఊటల చుట్టూ ఉన్న ఎస్టేట్లను పరిహారం ఇచ్చి స్వాధీనం చేసుకునే పని 1850లలో మొదలైంది. 1861 డిసెంబరులో చక్రవర్తి రెండో పెద్రో ప్రభుత్వం తిజూకా, దాని పక్కనున్న పైనేరాస్ అడవులను తిరిగి పెంచాలని ఉత్తర్వులు జారీచేసింది. మొక్కలను ఊటల ఒడ్డున మొదలుపెట్టి వరుసలుగా నాటాలన్నది అందులోని సూచన. ఆ రోజుల్లో అడవి అంటే కలప, లేదంటే ఖాళీ చేయవలసిన అడ్డంకి అని తలచేవారే ఎక్కువ. నీటి కోసం అడవిని నాటాలన్న నిర్ణయం ఆ కాలానికి అరుదైనది, దాని విలువను తక్కువ చేయనక్కర్లేదు.

తిజూకా బాధ్యత మేజర్ మాన్యుయెల్ గోమెస్ ఆర్చర్‌కు అప్పగించారు. 1862 ఆరంభంలో ఆయన పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు దక్కిన శ్రామికులు ఆరుగురు బానిసలు: ఎలెయుతేరియో, కాన్‌స్టాంటినో, మాన్యుయెల్, మతేవుస్, లియోపోల్డో, మరియా. వీరికి ఇంటిపేర్లు లేవు, జీతం లేదు, వదిలి వెళ్లే హక్కు లేదు. గువరటీబా అనే ప్రాంతంలోని ఆర్చర్ సొంత తోటనుంచీ, పైనేరాస్ వైపు మిగిలిన అడవి తునకలనుంచీ మొక్కలు తెచ్చి, నిట్టవాలుల మీదికి మోసి, గుంతలు తీసి నాటడం వారి పని. తర్వాత కూలికి పనిచేసేవారు వచ్చి చేరారు. 1874 వరకు సాగిన ఆ కృషిలో 70 వేలకు పైగా చెట్లు లేచాయి. అడవి లోపలి ఒక రోడ్డుకు ఆర్చర్ పేరుంది. ఆయన దక్షతకు అది తగిన గౌరవమే. కానీ ఆ ఆరుగురి పేర్లు కూడా నగర చరిత్రలో అంతే గట్టిగా వినిపించాలి, ఎందుకంటే అడవిని నరికించిన వ్యవస్థే, ఆ నరికిన చేతుల చేతనే, ఉచితంగా దాన్ని తిరిగి నాటించింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయినది 1888లో. తొలి మొక్కలకు అప్పటికి పాతికేళ్లు దాటాయి.

ఇక్కడ ఒక లెక్క చూడడం అవసరం. తర్వాతి నాట్లను కూడా కలిపి లక్ష చెట్లనుకుని, వాటిని ఐదేసి మీటర్ల ఎడంతో నాటినా నిండేది సుమారు 250 హెక్టార్లు; నేటి తిజూకా జాతీయ పార్కు విస్తీర్ణం దాదాపు 3,950 హెక్టార్లు. మిగతాది ఎలా నిండింది? నిట్టవాలుల మీద, లోతైన లోయల్లో గొడ్డలికి అందని పాత అడవి తునకలు మిగిలి ఉండగా, పక్షులు, గబ్బిలాలు, గాలి మోసుకొచ్చిన విత్తనాలు, నరికే మనిషి తప్పుకున్న నేలలో మొలిచాయి. అంటే నాట్లు ఎంత ముఖ్యమో, వాలులను ప్రభుత్వం కొనివేసి గొడ్డలికి దూరం చేయడమూ అంతే ముఖ్యం.

ఆర్చర్ తర్వాత వచ్చిన బారన్ ఎస్‌క్రాన్యోల్ నాట్లు కొనసాగిస్తూనే, ఫ్రెంచి ఉద్యానశిల్పి ఒగ్యూస్త్ గ్లాజియో సహాయంతో అడవిని విహారస్థలంగా తీర్చాడు. నేడు జీపులు తిరిగే దారులు, చిన్న వంతెనలు, కొలనుల్లో చాలావాటికి మూలం ఆ కాలమే. చక్రవర్తి పాలన 1889లో అంతమయ్యాక నిర్లక్ష్యానికి గురైన అడవిని 1943లో పారిశ్రామికవేత్త, కళాసంగ్రాహకుడు కాస్ట్రో మాయా చేపట్టి, దారులనూ కట్టడాలనూ బాగుచేయించాడు. 1961లో అది జాతీయ పార్కు అయింది. కొర్కొవాడో శిఖరం మీది క్రీస్తు విగ్రహం కూడా ఈ పార్కు హద్దుల్లోనిదే. 2012లో యునెస్కో రియో కొండలనూ తీరాన్నీ కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు తిజూకా అందులో చేరింది. ప్రపంచంలోని నగరారణ్యాల్లో ఇదే పెద్దదని తరచు చెబుతారు గాని, అదే నగరంలోని పెద్రా బ్రాంకా పార్కు దీనికి మూడింతలు పెద్దది.

తెలుగు పాఠకుడికి ఈ అడవిలో ఒక పరిచిత వృక్షం ఎదురవుతుంది. అది పనస. పశ్చిమ కనుమల చెట్టయిన పనస పోర్చుగీసు ఓడల మార్గంలో బ్రెజిల్ చేరి, ఈ కొండల్లో అదుపు తప్పి వ్యాపించింది. ఒక్కో కాయలో వందకు పైగా ఉండగల గింజలు తల్లిచెట్టు నీడలోనే మొలిచి గుంపుగా పెరగడంతో దేశీయ మొక్కలకు చోటు దక్కదు. గోదావరి జిల్లాల పెళ్లి విందులో పనసపొట్టు కూరగా ఆదరణ పొందే చెట్టు, అక్కడ పార్కు నిర్వాహకులు తగ్గించవలసి వచ్చిన చెట్టయింది.

పనసకు ఎదురు నిలిచే దేశీయ చెట్లకు మరో లోటు ఉంది. అడవి తిరిగి వచ్చినా, వేట వల్లా అడవి తునకలవడం వల్లా పోయిన జంతువులు వాటంతటవి రాలేదు. పెద్ద గింజలను మోసే జంతువు లేకపోతే ఆ చెట్ల సంతతి తల్లిచెట్టు కిందే కుళ్లిపోతుంది. అందుకే రియో శాస్త్రవేత్తలు 2010 నుంచి కుతియాలను, అంటే గింజలను నేలలో దాచుకుని కొన్నిటిని మరచిపోయే కుందేలంత ఎలుక జాతి జంతువులను, అడవిలో వదలసాగారు. 2015లో పళ్లు తిని గింజలను దూరాన విసర్జించే హౌలర్ కోతులను, 2020లో పసుపు కాళ్ల తాబేళ్లను వదిలారు. కుతియాలు అక్కడే పిల్లలు పెట్టి గుంపులుగా స్థిరపడ్డాయి. హౌలర్ కోతులకూ అడవిలోనే పిల్లలు పుట్టాయి.