పి.ఎఫ్. పాసు పుస్తకం నుంచి గృహప్రవేశం దాకా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మన తరం ఉద్యోగులు ఆ రెండూ ఒకే జీతం మీద, ఒకే ప్రావిడెంట్ ఫండు మీద చేసి చూపించారు. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, మనం దాచుకున్న సొమ్ము ఇటుకలుగా, సిమెంటుగా ఎలా మారిందో ఆ చరిత్ర చెబితే పిల్లలకు కూడా పనికివస్తుందనిపించింది.

ఈ కథకు మొదటి మెట్టు 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం. ఉద్యోగి ఫండులో ఉన్న సొమ్మును అప్పులవాళ్ళు కోర్టు ద్వారా జప్తు చేయించకుండా ఆ చట్టం అడ్డుకున్నది. 1952లో వచ్చిన చట్టం ఈ సదుపాయాన్ని ఫ్యాక్టరీ కార్మికులకు అందించింది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టలు అనే ఆరు పరిశ్రమలకే వర్తించిన ఈ చట్టం తరువాత ఎన్నో రంగాలకు విస్తరించింది. వృద్ధాప్యం కోసం దాచిన ఈ సొమ్ములో కొంత ఇంటి కోసం ముందుగానే తీసుకోవచ్చునన్న నిబంధన మధ్యతరగతి జీవితాన్నే మార్చివేసింది.

1956లో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు గృహనిర్మాణ అడ్వాన్సు పథకం వచ్చింది. ఎల్.ఐ.సి. ఏర్పడినదీ ఆ ఏడే. అయినా అడ్వాన్సు ఒక్కదానితో ఇల్లు పూర్తయిన వాళ్ళు ఎందరు? 1979లో నేను పునాది వేసినప్పుడు జి.పి.ఎఫ్.లో పార్ట్ ఫైనల్ పెట్టుకున్నాను, పాలసీ మీద అప్పు తీసుకున్నాను, చీటీ పాడాను. శ్లాబు వేసేనాటికి అవన్నీ అయిపోతే మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. ఆ గాజులు విడిపించడానికి ఆరేళ్ళు పట్టింది.

మామూలు ఉద్యోగికి దీర్ఘకాలం వాయిదాలతో ఇంటి అప్పు ఇచ్చే సంస్థలు ఆ రోజుల్లో అరుదు. ఆ లోటును గుర్తించిన వ్యక్తి హెచ్.టి. పారేఖ్. ఐ.సి.ఐ.సి.ఐ. అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నాక, 1977లో, 66 ఏళ్ళ వయస్సులో ఆయన హెచ్.డి.ఎఫ్.సి.ని స్థాపించారు. రిటైరైతే పని అయిపోయిందనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 1989లో ఎల్.ఐ.సి. హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాక ఇంటి అప్పు తేలికైంది.

ఇక షేర్ల సంగతి. 1964లో యూనిట్ ట్రస్టు ప్రారంభించిన యు.ఎస్.-64ను మనవాళ్ళు పోస్టాఫీసు పొదుపంత భద్రమని నమ్మారు. షేర్ల వంటి ఆస్తిని చాలాకాలం ఉంచుకుని అమ్మి, ఆ సొమ్ముతో ఇల్లు కొంటే, షరతులకు లోబడి లాభంపై పన్ను మినహాయించే 54-ఎఫ్ సెక్షన్ కూడా 1980లలో ఆదాయపు పన్ను చట్టంలో చేరింది. కాని 1992 ఏప్రిల్‌లో 4,400 దాటిన సెన్సెక్స్, సెక్యూరిటీల కుంభకోణం బయటపడ్డాక ఏడాది తిరిగేసరికి దాదాపు సగానికి పడింది. 2001 జూలైలో యు.ఎస్.-64 యూనిట్ల అమ్మకాలు, తిరిగి కొనుగోళ్ళు నిలిపివేశారు. ఇంటి రిజిస్ట్రేషనుకో, పిల్ల పెళ్ళికో ఆ యూనిట్లనే నమ్ముకున్నవారి పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం రిటైరయ్యే రోజున వస్తుంది. పెన్షనులో కొంత కమ్యూట్ చేస్తే ఒక్కసారిగా సొమ్ము చేతికందుతుంది. ఆ మేరకు నెలనెలా పెన్షను తగ్గుతుంది. తగ్గిన భాగాన్ని 15 ఏళ్ళ తరువాత పునరుద్ధరించాలని సుప్రీంకోర్టు 1986లో, కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో తీర్పు చెప్పింది. 1993లో రిటైరైన నా మిత్రుడొకరు కమ్యుటేషను, గ్రాట్యుటీ మొత్తం కలిపి కుమారుని పేర ఫ్లాటు కొన్నారు. నాలుగేళ్ళకు భార్యకు పెద్ద జబ్బు చేసింది. ఫ్లాటులో ఒక గది అమ్మి మందులు కొనలేము కదా! అసలు అమ్మడానికి అది ఆయన పేరునా లేదు. కొడుకు మంచివాడే, కాని అతనికీ అప్పులున్నాయి. సంఘ మిత్రులం తలా కొంత వేసుకున్నాము. మేము ఇచ్చిన కవరు అందుకుంటూ ఆయన తల వంచుకున్న తీరు నేను మరచిపోలేను.

2004 జనవరి 1 తరువాత కేంద్ర సర్వీసులో చేరినవారికి పాత పెన్షను పద్ధతి పోయి, జాతీయ పెన్షను విధానం వచ్చింది. అందువల్ల ఈ జాగ్రత్త మన పిల్లలకు మరింత అవసరం. 2007లో వచ్చిన రివర్స్ మార్ట్‌గేజ్ పథకం ద్వారా సొంత ఇంటిపై వృద్ధులు నెలనెలా సొమ్ము పొందే వీలు కలిగింది. కాని అందుకు ఇల్లు మన పేరునే ఉండాలి.

సోదర పెన్షనర్లకు నా విన్నపం ఒక్కటే. పిల్లలకు సాయం చేయండి, వద్దనను. కాని రెండేళ్ళ ఖర్చులకు, వైద్యానికి సరిపడా సొమ్ము విడిగా ఉంచుకున్న తరువాతనే చెక్కు మీద సంతకం పెట్టండి. మీరు ఉంటున్న ఇంటి కాగితాలు మాత్రం మీ దంపతుల పేరుననే ఉండనివ్వండి.