చర్చిలో డిస్కో

చర్చిలో డిస్కో అంటే నమ్ముతారా? న్యూయార్కులో నిజంగానే పెట్టారు!

మాన్‌హట్టన్‌లో సిక్స్త్ ఎవెన్యూ, ఇరవయ్యో వీధి కలిసే మూల మీద 'చర్చ్ ఆఫ్ ది హోలీ కమ్యూనియన్' అని ఒకటుంది. 1840ల్లో రిచర్డ్ అప్‌జాన్ గోథిక్ పద్ధతిలో కట్టాడు. ఆ రోజుల్లో అక్కడి చాలా చర్చిల్లో కూర్చునే బల్లలకి అద్దె ఉండేది. డబ్బున్నవాళ్ళకి మంచి చోటు, లేనివాళ్ళకి వెనక మూల. ఈ చర్చి పాస్టరు మ్యూలెన్‌బర్గ్ ఆ అద్దె వద్దన్నాడు. ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు.

1970లకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. యూజర్లు లేని సాఫ్ట్‌వేర్ ఐతే సర్వర్ ఆపేసి చేతులు దులుపుకుంటాం. రాతి గోడల్నేం చేస్తాం? పైగా నగరం దాన్ని 1966లోనే చారిత్రక కట్టడంగా ప్రకటించింది. అందుకని చేతులు మారింది. ముందు మత్తుమందుల బాధితుల కేంద్రం, 1983లో 'లైమ్‌లైట్' నైట్‌క్లబ్బు, 2010లో షాపింగ్ మార్కెట్టు. బల్లకి అద్దె వద్దన్న చోటే గుమ్మం దగ్గర టికెట్టు కొనాల్సొచ్చింది. నా దృష్టిలో అసలు బాధ అదీ, డాన్సు కాదు.

దేవుడి ముందు డాన్సు మనకేం కొత్త? 1213 నాటి రామప్ప గుళ్ళో రంగమండపం గర్భగుడికి ఎదురుగానే ఉంది. మా కుల్కచర్ల దగ్గర పాంబండ రామలింగేశ్వరుడి జాతరైనా, ఇంకే జాతరైనా సగం భక్తి, సగం బజారే కదా!

మన దగ్గర గోథిక్ అంటే మెదక్ చర్చి. పోస్నెట్ దొర 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ అయింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి అన్నం పెట్టడానికి కట్టించారని చెప్పుకుంటారు. 2024లో నూరేళ్ళ పండగ చేసుకుంది. క్రిస్మస్ వస్తే చాలు, అన్ని మతాలవాళ్ళూ పిల్లాపాపల్తో వస్తారు. ఫోటోలూ దిగుతారు, ప్రార్థనా చేస్తారు. అక్కడ ఈవెంట్ మేనేజర్ అక్కర్లేదు, ఊరే ఈవెంటు.

రేపెప్పుడో ఇక్కడా ఖర్చులకోసం పాత కట్టడాల్ని ఫంక్షన్లకి అద్దెకిద్దాం అంటారు. ఇవ్వండి, కూలిపోవడం కన్నా నయమే. కానీ ఎవరి కూలితో ఆ గోడలు లేచాయో, వాళ్ళ మనవలకి గేటు దగ్గర టికెట్టు అడక్కుండా ఉంటే చాలు.

మీరేమంటారు?